భుజాన వాలని చీర

సుధన్వకి వచ్చిన చిక్కల్లా ఒక్కటే. అతని చీర ఆకాశంలో ఎగిరినంత అందంగా ఆడపిల్ల భుజం మీద వాలడం లేదు.

‘గోపికాంబరి’ అనే పట్టుచీరల కంపెనీ పెళ్లిళ్ల రోజులు దగ్గరపడుతున్నాయని టీవీ కోసం భారీ ప్రకటన ఒకటి తలపెట్టింది. దానికి దర్శకుడు సుధన్వ. సొంత పేరు మీద అతను చేస్తున్న మొదటి పని అదే. అంతవరకూ పక్కన నిలబడి గొడుగు పట్టినవాడికి ఒక్కసారిగా సింహాసనం వేస్తే ఎలా ఉంటుంది? అతని కాళ్లు నేల మీద ఆనడం మానేసి చాలా రోజులైంది.

ప్రకటన కథ ఇది. తెల్లవారుతుండగా కొల్లేటి నీళ్ల మీద ఎర్రటి వెలుగు పడుతుంది. ఆ వెలుగు మెల్లగా మడత విప్పుకుని పైకి లేస్తుంది. చూస్తే అది చీర! కొంగలు గుంపుగా లేచి దాని మీద వాలి బుటాలైపోతాయి. మబ్బులో మెరుపు మెరిసి అంచు పొడుగునా జరీ అయిపోతుంది. ఆ చీర కొండలు దాటి, మబ్బులు దాటి, చివరికి పెద్ద సుడిలా గిర్రున తిరుగుతూ, తిరుగుతున్నకొద్దీ సన్నబడుతూ, కొండకొమ్మున నిలబడ్డ ఒక అమ్మాయి భుజం మీద పైటగా దిగుతుంది. మాటలుండవు. చివర్న కంపెనీ పేరు పడుతుంది.

ఆ సుడి అంటే సుధన్వకి ప్రాణం. గ్రాఫిక్స్ పని చూసే ఇమ్రాన్‌ని పక్కన కూచోబెట్టుకుని నెలల తరబడి దాన్ని తిప్పాడు. ఒక మెలిక తగ్గించి, ఒక మెలిక పెంచి, మళ్లీ తగ్గించి. అన్నం తింటూ కూడా చేత్తో గాల్లో సుడి తిప్పుతుంటాడని వాళ్లావిడ నవ్వేది.

కొల్లేరు ముక్క, కొండల ముక్క, మబ్బుల ముక్క అన్నీ కంప్యూటర్‌లో సిద్ధమైపోయాయి. చూసినవాళ్లు నోరు వెళ్లబెట్టారు. ఇక మిగిలింది ఒక్కటే, ఆఖరి ముక్క. చీర వచ్చి వాలవలసిన అమ్మాయిని తీయాలి. అంతే.

దానికోసం హైదరాబాదు శివారులో ఒక పెద్ద షూటింగు ఫ్లోరు అద్దెకి తీసుకున్నారు. మూడు పక్కలా నేల నుంచి కప్పు దాకా ఆకుపచ్చ గుడ్డ కట్టారు. ఆ పచ్చదనమంతా తర్వాత కంప్యూటర్‌లో తుడిచేసి అక్కడ ఆకాశం పెడతారు. మధ్యలో థర్మాకోల్ కొండ. కొండకి ఎదురుగా మనిషెత్తు గాలి ఫ్యాన్లు, పైన వంద దీపాల కాంతి, ఏనుగు తొండంలా ఊగే క్రేను, దాని కొసన కెమెరా. ఆ హంగు చూస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. సుధన్వకైతే పొద్దున్నే లోపలికి అడుగుపెట్టగానే ఈల వేయాలనిపించింది. దర్శకుడు ఈల వేస్తే బావుండదని ఊరుకున్నాడు.

అమ్మాయి పేరు తనూజ. పాలకొల్లు పిల్ల, ఈమధ్యే రెండు సినిమాల్లో కనపడి పేరు తెచ్చుకుంది. ఎర్రటి పట్టుచీర కట్టించి కొండకొమ్మున నిలబెట్టారు.

ఇక్కడ ఇమ్రాన్ ఒక నియమం పెట్టాడు. ఆకాశం నుంచి దిగే కంప్యూటర్ చీర, భుజం మీదున్న అసలు చీర ఒకదాంతో ఒకటి అతకాలంటే అసలు చీర కదలకూడదు. ఏం కదలాలన్నా అది కంప్యూటరే కదుపుతుంది. అందుకని తనూజ పైటని కుచ్చు కుచ్చుకీ పిన్నీసులు పెట్టి బిగించారు. వెనక జారే చెంగుని కూడా వదల్లేదు. సన్నటి తీగ లోపల పెట్టి, పిన్నీసులతో నడుం దగ్గర కదలకుండా పట్టేశారు. కంప్యూటర్ ఆనవాలు పట్టడానికి పైట మీద బియ్యపుగింజంత తెల్లచుక్కలు అంటించారు. కాళ్ల కింద గీత గీశారు. ఆ గీత దాటకూడదు.

ఫ్యాన్లు తిరిగాయి. తనూజ జుట్టు ఎగిరింది. చీర ఎగరలేదు. ఆమె తలెత్తి, ఆకాశంలో చీర వస్తున్నట్టు చూసి, నవ్వింది. అంతా లెక్క ప్రకారం జరిగింది.

సుధన్వ మానిటర్‌లో చూశాడు. ఎక్కడో ఏదో చచ్చిపోయి ఉంది.

మళ్లీ తీశాడు. దీపాలు మార్చి తీశాడు. లెన్సు మార్చి తీశాడు. ‘నవ్వమ్మా’ అన్నాడు, ‘వద్దులే, నవ్వకు’ అన్నాడు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్నట్టుంది అతని పని.

మధ్యాహ్నానికి గోపికాంబరి యజమాని వీరభద్రంగారు వచ్చారు. బెజవాడలో చిన్న కొట్టుతో మొదలుపెట్టి పైకొచ్చిన మనిషి. మాట మెత్తన, చూపు గట్టి. వక్కపొడి నములుతూ మానిటర్ ముందు కూచున్నారు. ఆకాశం ముక్కలు చూసినంతసేపూ ‘ఆహా, ఆహా’ అంటూనే ఉన్నారు. ఆఖరి ముక్క రాగానే ఆహాలు ఆగిపోయాయి.

“డైరెట్రుగారూ, ఇట్టాంటి బొమ్మలు మా షోరూముల్లో చాలా ఉన్నాయండీ. గాజు తలుపు ఎనక నిలబెట్టి చీర కడతాం. ఎప్పుడూ నవ్వుతానే ఉంటయ్. వాటికోసం ఇంత ఆకాశం దేనికి?”

సుధన్వ మొహం మాడిపోయింది. “సాయంత్రానికల్లా సరిచేస్తానండీ.”

“చెయ్యండి. సాయంత్రందాకా ఇక్కడే ఉంటా. కుదరలేదనుకో, ఏమనుకోబాకండి, మీ ఆకాశం మీ దగ్గరే ఉంచుకుని నా చీర నాకు ఇచ్చేయండి. బొంబాయి కంపెనీవాళ్లు ఈ పని ఎప్పట్నుంచో అడుగుతున్నారు.”

అంటే మొదటి పనే ఆఖరి పని అయ్యేట్టుంది. బొంబాయివాళ్లకి పోయిన పని సంగతి ఊరంతా తెలుస్తుంది. ‘ఫలానావాడి చేతిలోంచి లాక్కున్నారట’ అన్న మాట ఒకసారి పుట్టాక ఇంక ఎవడిస్తాడు పని?

సరిగ్గా అప్పుడే ఫ్లోరు తలుపు తీసుకుని వేదవల్లిగారు లోపలికొచ్చారు.

వేదవల్లిగారు సుధన్వకి గురువు. డెబ్బై దాటిన మనిషి. సబ్బులూ గొడుగులూ కాఫీపొడీ చీరలూ, ఆవిడ తీయని ప్రకటన లేదు. ఆవిడ దగ్గర సుధన్వ చాలా ఏళ్లు శిష్యరికం చేశాడు. ఒకసారి భీమిలి ఒడ్డున ఒక నేతచీర ప్రకటన తీస్తూ గాలి కోసం యూనిట్ మొత్తాన్ని పొద్దంతా కూచోబెట్టారావిడ. సముద్రం ఒడ్డున గాలి లేకపోవడమేమిటి, బోలెడంత ఉంది. ‘ఇది కాదు’ అంటారు. పులిహోర పొట్లాలు విప్పి తినడం, మళ్లీ కూచోవడం. పొద్దు గూకాక ‘రేపు చూద్దాం’ అని లేచారు. ఆ రోజు ఆవిడ మీద గొడుగు పట్టింది సుధన్వే. చేతులు పడిపోయాయి. తన రోజు వచ్చినప్పుడు గాలి కోసం దేవురించకూడదని ఆ ఇసకలోనే ఒట్టేసుకున్నాడు.

అందుకే వారం కిందట ఆవిడకి ఫోను చేసి గొప్పగా చెప్పాడు.

“గురువుగారూ, మీరొకసారి రావాలి. అప్పట్లో గాలి కోసం పడిగాపులు పడేవాళ్లం కదా. ఇప్పుడు గాలి నా జేబులో ఉంది.”

“జేబులోనా! అయితే చూడాల్సిందేరా” అన్నారావిడ.

ఇప్పుడు వచ్చారు. రాకూడని వేళకి వచ్చారనుకున్నాడు సుధన్వ. ఆవిడ మాత్రం ఎగ్జిబిషన్‌కి వచ్చిన చిన్నపిల్లలా ఆ క్రేనునీ ఫ్యాన్లనీ తలెత్తి తలెత్తి చూస్తున్నారు.

“ఏదిరా నీ గాలి?”

జేబులోంచి రిమోటు తీసి చూపించాడు. ఆవిడ లాక్కుని నొక్కారు. గాలి భుగ్గున వచ్చి ఆవిడ నెరిసిన ముడి ఊడదీసింది. ఫ్లోరంతా వినపడేలా నవ్వారు. “ఓరి నీ! ఇది నా దగ్గర ఉంటేనా, భీమిలిలో మీ అందరి చేత తిట్లు తినకపోదును!”

తర్వాత ఆకాశం ముక్కలు చూశారు. కొంగలు బుటాలైనప్పుడు చప్పట్లు కొట్టారు. మెరుపు జరీ అయినప్పుడు ‘అబ్బ!’ అన్నారు. అయిపోయాక “మళ్లీ వెయ్యి” అన్నారు. మళ్లీ వేశాక ఇంకోసారి వేయించుకున్నారు.

“ఆ సుడి ఎవరి బుర్రలో పుట్టింది?”

“నాదేనండీ.”

“బావుందిరా. చాలా బావుంది.”

ఆవిడ దగ్గర పనిచేసినన్నాళ్లలో సుధన్వ ‘బావుంది’ అనిపించుకున్న రోజులే తక్కువ. ‘చాలా’ అన్న మాట ఇదే వినడం. ఇంకొకప్పుడైతే ఎగిరి గంతేసేవాడు. ఇప్పుడు మానిటర్ వైపు తిరిగాడు.

“ఇది కూడా చూడండి” అని ఆఖరి ముక్క వేశాడు.

ఆవిడ చూశారు. మళ్లీ వెయ్యమని మాత్రం అనలేదు.

“అన్నీ సరిగ్గా ఉన్నాయి గురువుగారూ. దీపాలు సరిగ్గా ఉన్నాయి, అమ్మాయి చక్కగా ఉంది, చీర మడత చెదరలేదు. అయినా బొమ్మలా ఉంది. సాయంత్రంలోగా రాకపోతే పని పోతుంది. ఎక్కడుందండీ లోపం?”

“ఏమోరా” అన్నారు వేదవల్లిగారు. “కాఫీ దొరుకుతుందా ఇక్కడ?”

సుధన్వకి ఏడుపొక్కటే తక్కువ. ఇల్లు తగలబడుతుంటే కాఫీ ఏమిటి? అయినా తెప్పించాడు. ఆవిడ ఇంకో గ్లాసు కూడా అడిగి తీసుకుని, రెండూ చేతుల్లో పట్టుకుని, థర్మాకోల్ కొండ వెనక మెట్లెక్కి తనూజ దగ్గరకి వెళ్లారు.

“తాగమ్మా. పొద్దున్నుంచీ నిలబడ్డావటగా.”

తనూజ ఆ గ్లాసుని రెండు చేతులా అందుకుంది. మెడ మాత్రం తిప్పలేదు.

“థాంక్సండి. మెడ తిప్పితే పైట కదుల్తాదేమోనని భయమండి. ఊపిరి కూడా సగమే పీలుత్తున్నానండి. కదిలితే ఇమ్రాన్‌గారు ‘మళ్లా’ అంటారు.”

“అయ్యో. మరి ఇంట్లో చీర కడతావా?”

“ఎందుకు కట్టనండి? మా అమ్మమ్మ చీరలన్నీ నేనే కట్టేసేదాన్ని. దడి మీద ఆరేత్తే తీసి సుట్టేసుకుని ఊరంతా తిరిగొచ్చేసేదాన్నండి.”

“తాగు, తాగు. ఇక్కడేదో దారప్పోగు లేచినట్టుంది, చూస్తానుండు.”

వేదవల్లిగారు ఆమె వెనక్కి వెళ్లారు. గుండెల మీది పిన్నీసుల జోలికి పోలేదు. భుజం మీద ఒక పిన్నీసు అలాగే ఉంచారు. చెంగుని పట్టి ఉంచినవన్నీ ఒకటొకటే తీశారు. లోపలున్న తీగని వేలికి చుట్టుకుంటూ మెల్లగా లాగేశారు. ఆ పట్టుచెంగుకి పొద్దున్నుంచి ఇప్పుడే ఊపిరాడింది. తనూజకి తెలియలేదు. కింద మానిటర్ దగ్గర వీరభద్రంగారికి సర్దిచెప్పుకుంటున్న సుధన్వకీ తెలియలేదు.

ఆవిడ కిందికి దిగొచ్చి, “ఏదీ, నా ఎదుట ఒక్కసారి తియ్యి. చూసిపోతాను” అన్నారు.

“తీస్తానండీ.”

“గాలి నేను నొక్కుతానురా. ముచ్చటగా ఉంది.”

పోయేకాలం వచ్చినప్పుడు గురువుగారి ముచ్చట ఒకటి తక్కువా అనుకున్నాడు సుధన్వ. రిమోటు ఇచ్చేశాడు. అందరూ సర్దుకున్నారు. క్రేను లేచింది. “యాక్షన్” అన్నాడు.

వేదవల్లిగారు గాలిని పూర్తిగా నొక్కేశారు.

కట్లు తెగిన తెరచాపలా చెంగు ఒక్క ఊపున లేచింది! ఎర్రటి పట్టు తనూజ తల మీదుగా ఎగిరి, పచ్చటి గుడ్డ ముందు బారుగా విచ్చుకుని, దీపాల వెలుగులో భగ్గుమంది. “అమ్మో!” అని తనూజ గిర్రున తిరిగింది. గీత ఎక్కడుందో మరిచిపోయింది. కెమెరా మరిచిపోయింది. చెంగు అందకుండా పోతుంటే ఎగిరి పట్టుకుంది. పట్టుకుని, గాలితో దెబ్బలాడుతూ, బావిలోంచి చేద లాగినట్టు చేతిమీద చెయ్యి వేసి లాక్కుంది. లాక్కున్న చెంగుని చటుక్కున నడుం చుట్టూ తిప్పి బొడ్డున దోపింది. దోపి, మొహం మీద పడ్డ జుట్టు మోచేత్తో తోసుకుని, ‘ఎవరయ్యా ఈ పని చేసింది?’ అన్నట్టు చూసింది. ఆ చూపులో సగం కోపం, సగం నవ్వు. ఆ ఎత్తయిన కొండ, ఆ లేని ఆకాశం, ఆ గాలి అన్నీ ఆమెవే అన్నట్టు ఉంది.

క్రేను మీదున్న కెమెరామన్ ‘హా’ అన్నాడు.

“కట్” అనడం సుధన్వ మరిచిపోయాడు.

వీరభద్రంగారు నోట్లో వక్కపొడి నమలడం ఆపి కుర్చీలోంచి లేచారు. “ఏందయ్యా ఈ చీర? మనదేనా?”

“మీదేనండీ.”

“మనదే! ఓర్నాయనో, మనదే!” ఆయన మానిటర్‌ని వేలితో పొడుస్తున్నారు. “నేను ముప్పయ్యేళ్లు కౌంటర్లో కూచున్నానయ్యా. మా చీర ఇట్టా ఉంటదని నాకే తెలవదు! ఇదే కావాల. ఇదే!”

ఒక్కసారిగా ఫ్లోరంతా ఊపిరి పీల్చుకుంది. లైట్‌బాయ్‌లు పైనుంచి ఈలలు వేశారు. తనూజ సిగ్గుపడిపోయి దోపుకున్న చెంగు తీసి మళ్లీ దోపుకుంది. సుధన్వ గురువుగారి వేలికి చుట్టి ఉన్న తీగ చూశాడు. పని పోదు. పని ఉంది! పరుగున గురువుగారి దగ్గరకి వెళ్లబోయాడు.

“సార్, ఒక్క నిమిషం” అని ఇమ్రాన్ చెయ్యి పట్టుకున్నాడు. అతని మొహంలో సంతోషమూ ఉంది, కంగారూ ఉంది. “మస్తుగున్నది సార్. కానీ ఇది మనకు పనికిరాదు.”

“పనికిరాకపోవడమేమిటి?”

“గీత మీద లేదామె. చుక్కలన్నీ మడతలల్ల పోయినయ్. మన సుడి దిగాల్సింది భుజం మీదికి. ఈడ భుజం ఏడుంది సార్? చీరంతా చేతులల్ల ఉన్నది. అతకది. ఇదే ఉంచాలంటే సుడి మొత్తం పీకి పారేయాలె.”

సుధన్వ తెర వైపు చూశాడు. ఒక పక్క తెరలో సుడి తిరుగుతోంది. మెలికలు మెలికలుగా, బంగారు అంచు ఒకసారి కనపడి ఒకసారి దాగి. గురువుగారి చేత ‘చాలా’ అనిపించిన సుడి.

“ఎందుకు పీకడం? చూశాం కదా ఏం కావాలో. అదే మళ్లీ చేయిద్దాం. ఈసారి గీత మీద.”

తనూజకి చెప్పారు. చెంగు ఎటు ఎగరాలో, ఎక్కడ పట్టుకోవాలో, ఎంత తిరగాలో, భుజం కెమెరాకి ఎలా కనపడాలో. పాపం ఆ పిల్ల శ్రద్ధగా వింది. తలూపింది.

గాలి వచ్చింది. చెంగు లేచింది. తనూజ “అమ్మో” అంది. గీత మీదే తిరిగింది, భుజం చక్కగా పెట్టింది, చెంగు పట్టుకుంది, దోపుకుంది, కోపంగా చూసి నవ్వింది.

వీరభద్రంగారు మళ్లీ వక్కపొడి నమలడం మొదలుపెట్టారు.

ఇంకోసారి తీశారు. ఈసారి ఇంకా చక్కగా చేసింది. చక్కదనం పెరిగేకొద్దీ ప్రాణం తగ్గిపోతోంది. ఆ తర్వాతిది చూసి తనూజే తల దించుకుంది. “నాకు రాటం లేదండి. ముందు నేనేం చేసానో నాకే తెల్దండి” అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

సుధన్వ గడియారం చూశాడు. చేతిలోకి వచ్చింది చేతిలోంచే జారిపోతోంది. పొద్దు వాలుతోంది. ఫ్యాను గాలి మాత్రం నొక్కినప్పుడల్లా వస్తోంది, ఒక్క ఊపు కూడా తేడా లేకుండా.

వేదవల్లిగారు ఓ మూల కుర్చీలో కాళ్లు ముడుచుక్కూచుని, ఊడిన ముడి మళ్లీ వేసుకుంటున్నారు. సుధన్వ వెళ్లి ఆవిడ ముందు నేల మీద చతికిలబడ్డాడు. దర్శకుడన్న సంగతి చూసుకోలేదు.

“గురువుగారూ, అందరం ఇంత కష్టపడుతున్నాం. మళ్లీ రావడం లేదండీ.”

ఆవిడ నోట్లో పట్టుకున్న జడపిన్ను తీసి, ముడికి గుచ్చుకుని, అతని వైపు చూశారు.

“వచ్చిందిగా” అన్నారు.

సుధన్వ ఇంకేదో అడగబోయాడు. మొదటిసారి ఎగిరిన చెంగు కళ్ల ముందు మెదిలింది.

గబాల్న లేచాడు. మానిటర్ దగ్గరకి వెళ్లాడు. “మొదటిది వెయ్యి” అన్నాడు.

వేశారు. చెంగు లేచింది. తనూజ గిర్రున తిరిగింది. ఎగిరి పట్టుకుంది. లాక్కుంది. దోపుకుంది. చూసింది. సుధన్వ పక్కన వీరభద్రంగారి దవడలు మళ్లీ ఆగిపోయాయి. ఎప్పుడు వచ్చి నిలబడిందో, వెనకనుంచి తనూజ కూడా తొంగి చూసింది. “బాబోయ్, ఇది నేనేనాండి?” అంది.

ఆ పక్క తెరలో సుడి ఇంకా తిరుగుతూనే ఉంది. సుధన్వ దాన్ని ఒకసారి తనివితీరా చూసుకున్నాడు. కన్నబిడ్డ కదా, నొప్పి ఉంటుంది. ఉన్నా అతని గుండె మాత్రం పొద్దున్న తలుపు తీసుకుని లోపలికొచ్చినప్పటికంటే గట్టిగా కొట్టుకుంటోంది.

“ఇమ్రాన్, సుడి తీసెయ్.”

“మొత్తమా సార్? అన్ని నెలల పని!”

“మొత్తం. చీర ఆమె చేతుల్లోకి దిగుతుంది. ఆమె ఎలా పట్టుకుంటే అలా.”

ఇమ్రాన్ తల గోక్కున్నాడు. తెర మీద ఎగిరిన చెంగుని ముందుకీ వెనక్కీ నడిపి చూశాడు. ఇంకోసారి చూశాడు. అతని కళ్లు పెద్దవయ్యాయి. “సార్... ఈ చెంగు లేచిన ఊపు జూడుండ్రి. గిదే ఊపుని ఎనకకు ఎనకకు గుంజుకపోతే గా కొండలు, మబ్బులు... సార్, కొల్లేరు దాకా గిట్లనే పోతది! మొత్తం మల్ల చెయ్యాలె సార్!” ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వేశాడు. అప్పుడే కుర్చీ లాక్కుని కూచున్నాడు.

సుధన్వ మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“ప్యాకప్!” అని అరిచాడు.

మైకు ఆన్‌లో లేదు. అయినా ఫ్లోరు ఆ చివరిదాకా వినపడింది.